బోధన్‌లో ఎవరూ వినని బ్రెజిల్ పాటలు

ఎనభైల మధ్యలో నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా పనిచేసేవాణ్ణి. చెరుకు రసంలో తీపి ఎంతుందో చూసి చెప్పడం నా పని. మా క్వార్టర్ల వరసలోనే ఉండే ఒక ఇంజనీరు యంత్రాలు చూసి రావడానికి బ్రెజిల్ పోయి, మూడు వారాలకు తిరిగొచ్చాడు. అక్కడ కూడా కనుచూపు మేర చెరుకు తోటలేనట. వచ్చిన మర్నాడు ల్యాబుకు వచ్చి ఒక క్యాసెట్ నా బల్ల మీద పెట్టాడు.

"అక్కడోళ్లు ఇచ్చిండ్రు. రెండు పాటలు విన్న, నిద్రొచ్చింది. నువ్వు పాటల మనిషివి గదా, ఉంచుకో" అన్నాడు.

ఆ సాయంత్రం టేప్ రికార్డర్‌లో వేశాను. గిటారు, దాని పక్కన ఒక మగ గొంతు. పాడుతున్నట్టు కాదు, దగ్గర కూర్చున్న వాళ్లకు ఏదో మాట చెబుతున్నట్టుంది. ఎక్కడా గొంతెత్తడు. తాళం ముందు పోతుంటే తాను తీరుబడిగా వెనక వస్తాడు. ఇక తప్పిపోయాడు అనుకున్న చోట మెల్లగా వచ్చి కలుస్తాడు. మొదటిసారి నాకూ వింతగానే అనిపించింది. మూడోసారికి రికార్డర్ ముందు నుంచి లేవలేకపోయాను. ఆ భాష పోర్చుగీసు అని, ఆ పాటల తీరును బోసా నోవా అంటారని కొన్నాళ్లకు లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను.

నచ్చిన పాట ఒక్కణ్ణే విని ఊరుకోవడం నాకు చేతకాదు. ముందు మా ఆవిడకు వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ రెండు పాటలు వింది.

"గీయనకు పాడ మనసు లేదా ఏంది? ఎవలన్న బలవంతంగ కూసోబెట్టిండ్రా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు ఉద్యోగుల క్లబ్బు వార్షికోత్సవంలో పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఆ సంగీతం గురించి రెండు పేజీలు రాసుకున్నాను. క్యాసెట్ అట్ట మీది పేర్లు పలకడానికి వారం రోజులు సాధన చేశాను. మొదటి పేజీ చదివి పాట వేయించాను. నిమిషం కాలేదు, మైకు సెట్టు అతను నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, టేపు సాగుతున్నది. లోపల బెల్టు లూజైనట్టుంది."

"సాగుతలేదు. ఆయన పాడుడే గట్ల."

"కాదు సారూ. రోజూ చేసే పని, నాకు తెల్వదా?"

ఆపేశాడు. క్యాసెట్ బయటికి తీసి, చక్రంలో పెన్సిలు పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. ఈలోగా జనం గోల చేస్తున్నారని ఒక సినిమా పాట వేశాడు. ఈలలు మోగాయి. ఎవరో లేచి చిందులేశారు. నా రెండో పేజీ చొక్కా జేబులోనే ఉండిపోయింది. నాతో వచ్చిన మా ఆవిడ మీద ఇంటికి చేరేదాకా విసుక్కున్నాను, ఆమె తప్పేమీ లేదని తెలిసి కూడా.

అలాంటి పాటలు ఇంకా కావాలని నిజామాబాద్‌లో ఒక క్యాసెట్ల దుకాణానికి పోయాను.

"బ్రెజిల్ల పాటలు గూడ ఉంటయా సాబ్? ఫుట్‌బాలే అనుకున్న" అన్నాడు యజమాని. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానని రెండు నెలలు తిప్పాడు. తీరా తెప్పించింది హిందీ సినిమా పాటలు గిటారు మీద వాయించిన క్యాసెట్. "గిటారే గదా సాబ్, మీరు అడిగింది" అన్నాడు నిదానంగా. కోపం మింగుకొని, నా క్యాసెట్‌కే నాలుగు కాపీలు చేయించుకున్నాను.

మూడు తెలిసినవాళ్లకు పంచి, ఒకటి మోర్తాడ్ దగ్గర పసుపు పండించే మా చిన్నాయన కొడుకుకు ఇచ్చాను. ఏడాది తర్వాత వాళ్లింటికి పోయినప్పుడు దాని సంగతి అడిగాను.

"మస్తు మంచి క్యాసెట్ అన్న. ఎన్నిసార్లు పెట్టినా ఏం కాలే" అన్నాడు.

నా సంతోషం చెప్పలేను. వేయమన్నాను. ఒగ్గు కథ మొదలైంది. వాళ్ల ఊళ్లో కథ చెప్పినప్పుడు రికార్డు చేసుకున్నాడట.

"దాని మీదనే చేసినవా?"

"అవ్ అన్న. అందుల ఏం లేకుండె గదా, ఏదో గొణుగుడు."

కథ ఒకచోట ఆగి మళ్లీ మొదలయ్యే సందులో గిటారు మూడు నాలుగు క్షణాలు వినిపించింది. తర్వాత డోలు వచ్చి దాన్ని కప్పేసింది. మరదలు తెచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. మిగతా మూడు కాపీలు ఏమయ్యాయో ఎవరినీ అడగలేదు.

తొంభైల్లో ఒక వానాకాలం అసలు క్యాసెట్‌కు బూజు పట్టింది. రికార్డర్ దాని రీలును నమిలేసింది. అతికించి కొన్నాళ్లు నడిపాను. తర్వాత అదీ ఆడలేదు.

నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకొని మారిన కొన్నేళ్లకు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. అట్ట మీది పేర్లు డైరీలో రాసి పెట్టుకున్నాను గనుక మధ్యాహ్నాలు పోయి అవి టైపు చేసేవాణ్ణి. పాట పది క్షణాలు వచ్చి ఆగేది. మళ్లీ కదిలేసరికి నా సమయం అయిపోయేది. చివరికి ఒకటి పూర్తిగా విన్నాను. గొంతు వేరు. పాట వేరు. ఆ అట్టే వేరే క్యాసెట్‌ది. క్లబ్బులో మైకు పట్టుకొని వారం రోజుల సాధనతో పలికిన ఆ పేరు, నేను వినిపించిన గాయకుడిది కానే కాదు. ఆ కాలపు పాటలు ఒక్కొక్కటే తెరిచి వింటూ పోతే నెలన్నరకు నా మనిషి దొరికాడు. సీడీ చేయించుకొని ఇంటికి తెచ్చాను. రోజూ పొద్దున అదే పెట్టేవాణ్ణి.

ఒక ఆదివారం మా ఆవిడ దండెం మీద బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తోంది. ఆ పాటే. పేపరు పడేసి బయటికి పరుగెత్తాను. ఇన్నేళ్లలో ఆ పాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. కానీ ఆమె సరిగ్గా తాళం మీద పాడుతోంది, మామూలు పాట పాడినట్టు.

"అట్ల కాదు. కొంచెం ఆగి అందుకోవాలె" అని నేను పాడి చూపించాను.

ఆమె చేతిలోని తడి చీరను అలాగే పట్టుకొని నా వైపు చూసింది.

"ఇన్నేండ్ల సంది నా చెవులల్ల పోస్తున్నవ్. ఒక్కపారి నోట్లెకెల్లి వస్తే గదీ తప్పేనా?"

మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి పోయింది. వాటిని నేనే ఆరేశాను. తర్వాత రెండు మూడుసార్లు అడిగాను, పాడమని. "నీ పాట నువ్వే పాడుకో" అంది, కోపం లేకుండానే.

నేనున్నప్పుడు ఆమె మళ్లీ పాడలేదు. ఒకసారి మార్కెట్ నుంచి కూరగాయలతో వస్తుంటే వంటింటి కిటికీలోంచి వినిపించింది. ఈసారి కొంచెం ఆలస్యంగానే అందుకుంటోంది. ఇంకా వినాలని ఆత్రంగా గేటు గడియ తీశాను. ఆ చప్పుడుకు ఆపేసింది.

"వచ్చినవా? చాయ్ పెట్టాల్నా?" అని లోపలి నుంచే అడిగింది.