వ్లాస్తా పంచిన పంది కొవ్వు

మా మొరావియా ఊళ్లో పంది కోసినవాళ్లు ఒక్కళ్లే తినరు. ఇరుగుపొరుగుకి ఓ గిన్నెడు సూపు, నాలుగు సాసేజీలు, రొట్టెకి రాసుకు తినడానికి ఓ సీసాడు కరిగించిన కొవ్వు పంపాలి. పంపకపోతే ఏడాది పొడుగునా దెప్పుతారు. మా పక్కింటి వ్లాస్తా పిసినారి అనిపించుకోవడం కన్నా పస్తుండటం మేలనుకునే మనిషి. ఇంట్లో మొగుడు మంచాన ఉన్నా పంది కోయించింది. ఆ పరువే ఆవిడ కొంప ముంచింది.

మొగుడు రాదోవన్‌ది నరాల జబ్బు. కాళ్లు కొయ్యబారి, లోపలినుంచి ఎవరో మెలిపెట్టినట్టు లాగేసేవి. ఆ జబ్బుకి డాక్టరు చీటీ మీద గంజాయి ఇవ్వచ్చని మా దేశంలో చట్టమైతే ఉంది. రాసే డాక్టరు దొరకడమే గగనం. మా ఊరి డాక్టరు ఆ మాటెత్తితేనే కిటికీలోంచి బయటికి చూసేవాడు. అందుకని వ్లాస్తా టమాటా మొక్కల వెనక రెండు గంజాయి మొక్కలు పెంచి, ఆకునీ పూతనీ పంది కొవ్వులో కాచి, ఆ లేపనంతో రాదోవన్ కాళ్లు రుద్దేది. మా ముసలమ్మల్లో సగంమంది మోకాళ్లకి రాసుకునేది అదే, పైకి చెప్పరంతే.

చివరికి ఓలొమౌట్స్ పట్నం ఆసుపత్రిలో ఓ డాక్టరు ఒప్పుకుంది. గురువారం వస్తే చీటీ రాస్తానంది. ఒకటే షరతు పెట్టింది. ఇంట్లో పెంచడం మానెయ్యాలి, పోలీసు కేసంటూ వస్తే తను రాయడం కుదరదంది. వ్లాస్తా ఆ రోజే, ఎండబెట్టి దాచుకున్న మొక్కలన్నీ పొయ్యిలో పెట్టింది. గురువారం దాకా సరిపోతుందని ఒక్క లేపనం సీసా మాత్రం నేలమాళిగలో ఉంచింది, కొత్తగా కాచిన కొవ్వు సీసాల వరసలోనే.

పంది కోసిన సాయంత్రం నేలమాళిగ చీకట్లో ఆ వరసలోంచే సీసాలు తీసి ఇరుగుపొరుగుకి పంచింది. మర్నాడు పొద్దున ఎదురింటి హినెక్ బాబాయి తన గుమ్మం ముందు మంచు తీయలేదు. ఎనభయ్యేళ్ల మనిషి, ఒక్క పూట కూడా మానడు. నేనూ వ్లాస్తా వెళ్లి తలుపు తోశాం. వంటింట్లో కుర్చీలో తల వెనక్కి వాల్చేసి ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడు. బల్ల మీద రొట్టె, తరిగిన ఉల్లిపాయ, సగం ఖాళీ అయిన కొవ్వు సీసా. ఆ కొవ్వు ఆకుపచ్చగా ఉంది.

నేను అంబులెన్సుకి ఫోన్ చేసి తిరిగేసరికి సీసా వ్లాస్తా ఏప్రన్ కిందికి పోయింది.

"బ్లాంకక్కా, చెప్పకు. గురువారం దాకా ఓర్చుకో."

"గుండెకి మాత్రలు మింగే ముసలాడే అతను. పోతే?"

"పోడు. నిద్రపోతాడు, అంతే," అంది. కానీ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకు మించి భయమేసింది. హినెక్ బాబాయి ఊపిరి తీసుకుంటుంటే మళ్లీ వస్తుందా రాదా అని అతని ఛాతీనే చూస్తూ నిలబడ్డాను.

అంబులెన్సు వాళ్లు వచ్చారు. పక్షవాతం కావచ్చన్నారు, రాత్రి ఏం తిన్నాడని అడిగారు. వ్లాస్తా కిటికీలోంచి తన ఇంటివైపు చూసింది. అక్కడ రాదోవన్ మంచం అంచు కనిపిస్తుంది. సూది మందు ఎక్కించబోతూ వాళ్లలో ఒకతను మళ్లీ అడిగాడు. నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది తిన్నాడు. గంజాయి కలిసింది. ఇచ్చింది నేనే."

హినెక్ బాబాయి బతికాడు. ఆసుపత్రిలో లేచి పోలీసులతో, "వాసనకేసే మార్జోరం ఆకు కాస్త ఎక్కువేసిందనుకున్నా, రుచి బాగానే ఉంది," అన్నాట్ట. ఊరంతా నవ్వింది. వ్లాస్తా నవ్వలేదు. గురువారానికి డాక్టరు సంగతంతా ముందే వింది, కేసు తేలేదాకా రాయలేనంది. తప్పుపట్టలేదు, తలెత్తి చూడనూ లేదు.

ఆ చలికాలమంతా రాదోవన్ మూలుగు గోడ ఇవతల నాకు వినబడేది. వ్లాస్తా ఉత్త చేతులతోనే రుద్దేది. వీధిలో కారు ఆగితే చాలు, గబగబా చేతులు తుడుచుకునేది, తుడవడానికి ఏమీ లేకపోయినా. వసంతంలో మందలించి కేసు మూసేశారు. డాక్టరు చీటీ రాసింది. మందుల షాపు డబ్బా ఇంటికొచ్చింది, అప్పట్నుంచి రాదోవన్ రాత్రుళ్లు నిద్రపోతున్నాడు.

ఈ ఏడు పంది కోశాక వ్లాస్తా ఎవరింటికీ కొవ్వు పంపలేదు. మాట పడింది, పడనీ అంది. హినెక్ బాబాయే కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి, "ఏమ్మా, నా వాటా ఏది?" అన్నాడు.

వ్లాస్తా అతన్ని బల్ల దగ్గర నా పక్కన కూర్చోబెట్టి సూపు పోసింది. కొత్త సీసా తెరిచి, ముందు తనే ఓ చెంచాడు కొవ్వు నోట్లో వేసుకుంది. తర్వాత సీసాని ఒళ్లో పట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. తనకేమీ కాలేదని తేలేదాకా ఇవ్వదని మాకు అర్థమైంది. సూపు చల్లారిపోయింది. హినెక్ బాబాయి టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఆ సీసా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.