కల్ సే చాలూ

కోవిడ్ గొడవ సద్దుమణిగాక మా అత్తగారు కాకినాడ నుంచి విజిట్ వీసా మీద అజ్మాన్ వచ్చారు. అజ్మాన్ నుంచి దుబాయ్‌కి తీరం వెంబడే జనాన్ని తీసుకెళ్లే ఓడ ఒకటి మొదలవుతుందని అప్పుడే అందరూ చెప్పుకుంటున్నారు. దుబాయ్‌లో అల్ కుసైస్ ఆఫీసుకి పోయే దారిలో ట్రాఫిక్ బాధ తప్పుతుందేమోనని మా ఆయన ఆశ. మా అత్తగారికి మాత్రం ఆ ఓడ ఎక్కి దిగాలని పంతం. మాల్‌కి తీసుకెళ్తామన్నా, "అవన్నీ తర్వాత, ముందు ఓడ సంగతి కనుక్కో అమ్మాయ్" అనేవారు.

నేనా, ఊరుకునే మనిషిని కాదు. ఏ ఓడ ఎక్కడుందో చూపించే యాప్ ఫోన్లో వేసుకున్నాను. మా ఓడ అందులో చిన్న నీలం చుక్క. పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి దాన్ని చూస్తూ నిలబడేదాన్ని. అది రేవు వదిలి కాస్త దూరం పోయేది, గుండ్రంగా తిరిగేది, మళ్లీ వచ్చి కూర్చునేది. ఎందుకు వెళ్లింది, ఎందుకు వెనక్కొచ్చింది అని ఆలోచించేలోగా పాలు పొంగిపోయేవి. లైసెన్స్ రాలేదన్నారు. తర్వాత జెట్టీ ఎత్తు సరిపోలేదన్నారు. ఓడ కొన్నాక జెట్టీ ఎత్తు కొలిచిన ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలనిపించేది.

అసలీ ఓడ పిచ్చేమిటని ఒకరోజు ఆవిడని అడిగేశాను. మా మామగారు సరుకు ఓడల్లో ఖలాసీగా చేసేవారు. నెలల తర్వాత ఇంటికొస్తే గోడ పట్టుకుని నడుస్తూ, "నేల ఊగుతోందే" అనేవారట.

"తాగొచ్చి నాటకాలాడుతున్నారనుకునేదాన్ని. తిన్నగా నిలబడేదాకా అన్నం పెట్టేదాన్ని కాదు" అన్నారావిడ. "ఆయన పోయి చాలా ఏళ్లయింది. నిజంగా ఊగుద్దా అమ్మాయ్? ఓసారి ఎక్కి దిగితే తెలిసిపోద్ది కదా!"

అప్పట్నుంచి ఆ పంతం నాకూ పట్టుకుంది.

వీసా గడువు దగ్గరపడింది. రేవు సెక్యూరిటీలో ఉండే పఠాన్ భాయ్ నంబరు సంపాదించి రోజూ ఫోన్ చేసేదాన్ని. "ముదీర్ కో పతా, బెహెన్" అని విసుక్కునేవాడు. మేనేజర్‌నే అడుక్కోమని. ఆవిడ ప్రయాణం ఎల్లుండనగా ఫోన్ చేస్తే మాత్రం, "కల్ సే చాలూ హై!" అని హుషారుగా అరిచాడు. రేపే! వెంటనే పులిహోరకి చింతపండు నానబెట్టాను.

ఆ మధ్యాహ్నం మా అత్తగారు నా ఫోన్ పట్టుకుని వంటింట్లోకొచ్చారు. "అమ్మాయ్, చుక్క దుబాయ్ దాకా పోయిందే."

"ట్రయల్ అయ్యుంటుంది అత్తయ్యా. మొదలు రేపు కదా!"

మర్నాడు రేవుకి వెళ్తే గేటు మూసి ఉంది. "ఆజ్ బంద్. ఇంజన్ ఖలాస్" అన్నాడు భాయ్.

"కల్ సే చాలూ అన్నావు కదా?"

"చాలూ థా నా! పరసోం గయా, కల్ భీ గయా." మొన్నా వెళ్లిందట, నిన్నా వెళ్లిందట.

అప్పుడు వెలిగింది నాకు. హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట. నిన్న అతను చెప్పింది "నిన్నట్నుంచి నడుస్తోంది" అని. హైదరాబాద్ వాళ్లయితే వినగానే పట్టేసేవారు. బళ్లో నేర్చిన నా కోస్తా హిందీకి రేపు తప్ప ఇంకేమీ వినపడలేదు. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

"పోన్లే, పులిహోర పాడైపోద్ది, తిందాం రా" అన్నారు మా అత్తగారు. కట్టేసి ఉన్న ఓడని చూస్తూ బెంచీ మీద కూర్చుని తిన్నాం. ఆవిడ సరిగ్గా తినలేదు. మర్నాడు విమానం ఎక్కేశారు.

ఓడ మళ్లీ మొదలయ్యేసరికి వేసవి వెళ్లిపోయింది. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు, తిన్నగా వెళ్లి ఎక్కేశాను. ఆ రోజు గాలి ఎక్కువ, దుబాయ్ వెళ్లి తిరిగొచ్చేదాకా అలలు ఎత్తి కుదేశాయి. అజ్మాన్‌లో దిగి జెట్టీ మీద నిలబడి మా అత్తగారికి ఫోన్ చేశాను.

"దిగావా? కళ్లు మూసుకో" అన్నారావిడ. మూసుకున్నాను. కాళ్ల కింద సిమెంటు నేల మెల్లగా లేచింది, దిగింది. చేయి దానంతటదే పక్కనున్న కమ్మీని పట్టుకుంది.

"ఊగుతోంది అత్తయ్యా. గంటల ప్రయాణానికే ఊగుతోంది."

కమ్మీ వదలకుండానే కళ్లు తెరిచాను.

"చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది గదే ఆయన్ని" అన్నారావిడ.