ఐదో జత అడుగుల చప్పుడు

2023 వానాకాలం. సూరత్ ఖటోదరాలో, మిల్లుల వెనక సందులో, రెండు మంచాల చిన్న క్లినిక్. నేనక్కడ నర్సును. అప్పటికి పదిహేడేళ్లుగా అదే షట్టర్ ఎత్తుతూ దించుతూ ఉన్నాను. డాక్టరు గారు తొమ్మిదింటికి వస్తారు. రాత్రిపాళీ దిగినవాళ్లు దారిలో ఆగుతారు కాబట్టి నేను మాత్రం ఏడింటికే ఉండాలి. వాళ్లలో సగం మంది సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనవాళ్లే. చెప్పిందే చెప్పి చెప్పి నా నోరు ఎప్పుడో అరిగిపోయింది.

నర్సయ్యకు నలభై ఆరేళ్లు. మాత్రలు వాడుతున్నా షుగర్ మూడు వందల నుంచి దిగనంటోంది. కళ్లకు మసకలు వస్తున్నాయి. తెగిన పోగు కనపడని మనిషిని ఏ సేటూ సాంచాల మీద ఉంచడు, నర్సయ్యకు వేరే పని చేతకాదు. రోజూ కాసేపు పరుగెత్తమని డాక్టరు గారన్నారు.

"పన్నెండు గంటలు ఎనిమిది సాంచాల నడుమ తిరుగుతనే ఉంట గద చెల్లె. మల్ల ఉరుకుడేంది?" అన్నాడు.

"అది తిరుగుడే అన్నా. జర చెమట పట్టేటట్టు ఉరకాలె."

మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ నాలుగో రోజుకే మానేశాడు. అడిగితే వాన అంటాడు, కుక్కలంటాడు, చెప్పు తెగిందంటాడు. విసుగొచ్చి అతన్ని మల్లేశం కాకకు అప్పగించాను. కాక నర్సయ్య పనిచేసే కార్ఖానాలోనే మేస్త్రీ. ఇంకో ముగ్గురిని వెంటేసుకుని రోజూ కాలువ రోడ్డు మీద పరుగెత్తుతాడు. పగటిపాళీ వారం పనికి ముందు, రాత్రిపాళీ వారం పని దిగాక. "మంది నడుమ ఉరికితే నవ్వుతరు" అని నర్సయ్య గునిశాడు. రెండు రోజులకు వచ్చి, "తప్పించుకుంటే గల్లీ అంతా ఇనేటట్టు తలుపు కొడుతున్నరు చెల్లె, ఇజ్జత్ పోతుంది" అని మొర పెట్టుకున్నాడు. నాకు లోపల హాయిగా అనిపించింది. ఆరు వారాలు గడిచేసరికి షుగర్ నూట అరవైకి వచ్చింది. ఇన్సులిన్ మాట పక్కన పెట్టారు డాక్టరు గారు.

తర్వాతి వారం ఓ ఉదయం ఆటోలోంచి నర్సయ్యను కాక, ఆ ముగ్గురూ కలిసి మోసుకొచ్చారు. ఒళ్లంతా చల్లటి చెమట. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి ఎవరో అనుకుని దండం పెట్టాడు. వేలు పొడిచి గ్లూకోమీటర్‌లో చూస్తే నలభై ఆరు. దీన్ని మేం హైపో అంటాం. షుగర్ మరీ పడిపోతే మెదడుకు తిండి అందదు, మనిషి తాగినవాడిలా తూలతాడు, ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే నరంలోకి డెక్స్‌ట్రోజ్ ఎక్కించాను. పావుగంటకు కళ్లు నిలిపి, "నా చెప్పులేవి చెల్లె?" అన్నాడు. అప్పుడు కాక వైపు తిరిగాను.

"ఎట్ల చూసిండ్రు కాకా?" అనడిగాను.

"సూడలే బిడ్డా, ఇన్నం. మేం ముందట ఉరుకుతున్నం, గీయన ఎనక. ఒక జత చప్పుడు తక్కువైంది. గన్ని సాంచాలు ఆడుతుంటే ఒక్కటి ఆగినా మాకు చెవుల తెలుస్తది గద, గట్లనే. ఎనకకు మర్రి సూస్తే టెంపో చాటుకు కూలవడ్డడు. ఇద్దరు ముగ్గురు తాగినోడనుకొని పక్కనుంచే పోతున్నరు."

మద్యం నిషేధమున్న రాష్ట్రం. తాగినవాడిలా కనిపించే మనిషి దగ్గర పోలీసుల భయంతో ఎవరూ ఆగరు. నర్సయ్య ఆ రోజు ఒంటరిగా పరుగెత్తి ఉంటే ఆ టెంపో చాటునే పోయేవాడు.

తేరుకున్నాక అడిగాను, "మాత్ర ఎప్పుడేసుకున్నవన్నా?"

"నువ్వే చెప్పితివి గద, పొద్దున టిఫినుకు అరగంట ముందట అని. ఆరింటికి సాంచాల కాడనే ఏసుకున్న."

"మరి టిఫిను?"

"రాత్రిపాళీకి టిఫినేంది చెల్లె? ఉరికి, ఇంటికి పోయి పంటం. మాపటికి లేస్తే అన్నం."

తప్పు నాది. పొద్దున వేసుకోవాలనే గుర్తుగా మాత్రల అట్ట మీద ఉదయించే సూర్యుడి బొమ్మ గీసి ఇచ్చింది నేనే. పదిహేడేళ్లుగా రాత్రిపాళీ దిగినవాళ్ల మొహాలు చూస్తూ కూడా, నీకు పొద్దున ఎప్పుడవుతుందని ఒక్కరినీ అడగలేదు. షుగర్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఆ తప్పు బయటపడలేదు. పరుగుతో అది దిగేసరికి మనిషినే పడేసింది. డాక్టరు గారు మాత్ర తగ్గించారు, తిండి తినకుండా వేసుకోవద్దన్నారు.

ఇప్పుడు బొమ్మ గీసే ముందు పాళీ అడుగుతాను. పరుగెత్తమని చెప్పేటప్పుడు ఎవరితో అని అడుగుతాను. గుంపులో పరుగెత్తితే బద్ధకం పోతుందని పేషెంట్లకు చెప్పేదాన్ని. మన అడుగు ఆగితే వెనక్కి తిరిగి చూసే మనుషులు దొరుకుతారని మాత్రం నర్సయ్య వల్లే తెలుసుకున్నాను.

మోకాళ్ల నొప్పులు, ఉద్యోగం మానేయాలని ఏటా అనుకుంటాను. అయినా కాక వాళ్ల రాత్రిపాళీ వారాల్లో ఏడింటికి షట్టర్ సగం ఎత్తి ఆగుతాను. వాళ్లు సందు ముందు నుంచే పరుగెత్తుకుంటూ వెళతారు. నా చెవులకు వాళ్ల నేర్పు లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను. ఐదో జత దాటాకే మిగతా సగం ఎత్తుతాను.