గడ్డకట్టిన మందు

మూడేళ్ళ కిందటి మే నెల. చిత్తూరు పక్కన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను నర్సును. బుధవారం పల్లెలో పసిబిడ్డలకు టీకాలు. ఆ రోజు పొద్దున్నే వ్యాక్సిన్ క్యారియర్, అంటే మందును చల్లగా ఉంచే పెట్టె, మూత తీశాను. పెంటావాలెంట్ సీసాలో మందు గడ్డకట్టి ఉంది.

పెట్టె తెచ్చిన మునిరత్నాన్ని పిలిచి అడిగాను.

“ఎండ సూస్తిరి గదా మేడం! మందు సెడిపోకూడదని ఐస్ ప్యాక్‌లు ఫ్రీజర్లోంచి తీసినవి తీసినట్టే పెట్టినాను. నెలనుంచీ ఇట్లే జేస్తా ఉండా,” అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

“నెలనుంచా? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది!” అని అరిచాను.

ఐస్ ప్యాక్‌ను కండిషన్ చేయాలి. అంటే బయటపెట్టి, చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళు కదిలేదాకా ఆగాలి, లేకుంటే ఆ చలికి మందే గడ్డకడుతుంది. పెంటావాలెంట్ ఐదు రోగాలకు ఒకే సూది. కంఠసర్పి, కోరింత దగ్గు అందులోవే. రోగక్రిముల ఆనవాళ్ళను ఒంటికి చూపిస్తుంది. ఒళ్ళు వాటిని గుర్తుపెట్టుకుని, యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అందుకు ఒంటిని తట్టిలేపేది మందులోని అడ్జువెంట్ అనే అల్యూమినియం లవణం. గడ్డకడితే అది ముద్దలవుతుంది, కరిగినా పాత మందు కాదు. బిడ్డకు నొప్పి మిగులుతుంది, రక్షణను నమ్మలేం. ఇన్ని వారాలూ నేను బల్ల సర్దుకునేలోపు మందు కరిగిపోయి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు! ఒక్కసారైనా ఆ ప్యాక్‌లను ముట్టి చూశానా?

ఆ నెలలో సూది వేసిన బిడ్డలందరికీ మళ్ళీ వేయాలని మా డాక్టరుతో చెప్పాను. “వేసినట్టు రిజిస్టర్‌లో ఎక్కిందిగా, ఊరికే గోల చేయొద్దు,” అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. “అదే మాట కాయితం మీద రాసివ్వండి సార్,” అన్నాను. అప్పటికి దిగొచ్చి, పై అధికారులతో మాట్లాడి, మళ్ళీ వేయమన్నాడు.

కొత్త మందు తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే రెడ్డెమ్మ మూడు నెలల కొడుకును ఎత్తుకుని గడపలో నిలబడింది.

“మొన్న గుచ్చితే రెండు దినాలు ఏడ్సినాడు. మళ్ళానా?”

“తప్పు మాదేనమ్మా. ఆ మందు సెడిపోయింది. నేను సూసుకోలేదు.”

ఆమె గడప మీదే కూర్చుని కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తర్వాత బిడ్డ తొడ మీది గుడ్డ తొలగించింది.

సూది పడ్డాక, బిడ్డ ఏడుపు మధ్యనే అడిగింది: “ఇది నీకు కనబడింది గాబట్టి వచ్చి సెప్పినావు. కనబడకుండా పోయినేటివి ఎన్ని ఉండాయక్కా?”

పాడైన టీకా అరిచి చెప్పదు. కార్డు మీద టిక్కు అలాగే ఉంటుంది, ఎప్పుడో రోగం వచ్చి చెబుతుంది. ఇప్పుడు ప్రతి ప్యాక్‌నూ నేనే ఊపి చూస్తున్నాను. ఊపిన ప్రతిసారీ రెడ్డెమ్మ అడిగిన మాటే వినబడుతుంది.