గొట్టం అంచుకు పళ్ళు

“నానమ్మా, నా గొట్టం అంచు ఎవరు కోసిన్రు?”

“నేనే కోయించిన. పళ్ళు పళ్ళుగ చినిగి ఉంటే చెయ్యి కోసుకపోదా? గల్లీల వెల్డింగ్ షాపుకు తీస్కపోయి సాఫ్ చేయించిన.”

“ఆ పళ్ళ కోసమే ఇన్ని రోజులు తిప్పలు పడ్డ! రేపు కాలేజీల ఇంజన్ నమూనా అని ఏం సూపియ్యాలె?”

“ముందే చెప్పొద్దా? చినిగిన రేకును ఇంజన్ అంటరని నాకేం ఎరుక?”

ఇంజనీరింగ్ చదివే నా మనవరాలు అప్పుడు విడమర్చి చెప్పింది. శబ్దం కన్నా వేగంగా పోయే ప్రయాణికుల విమానం నేల మీద నుంచి లేచేటప్పుడు, ఇంజన్ వెనక నుంచి తన్నుకొచ్చే గాలి చెవులు పగలగొడుతుందట. గొట్టం అంచుకు పళ్ళుంటే ఆ గాలి బయటి గాలితో తొందరగా కలిసి హోరు తగ్గుతుందట. ఇది దాని చిన్న నమూనా.

నా చదువు చిన్నప్పుడే ఆగిపోయింది కానీ, వస్తువు పారేయడం నేనెన్నడూ నేర్వలేదు. గొట్టాన్ని తిప్పి చూశాను.

“ఇంక పొడుగున్నది గదా. దీనికే మళ్ళ పళ్ళు కోయించు. కొత్త రేకు కొనకు.”

“పొట్టిదైతది నానమ్మా.”

“అయితే ఏంది? నువ్వు గూడ పొట్టిదానివే, పనికొస్తలేవా?”

మర్నాడు పొద్దున్నే ఉప్పల్ నుంచి ఆటోలో నాచారం వెళ్ళాం. అక్కడ మనవరాలికి తెలిసిన షెడ్డులో గాలి కొట్టే కంప్రెసర్ ఉంది. మొదట సాఫ్‌గా ఉన్న అంచుతోనే గొట్టంలోంచి గాలి వదిలారు. రెండు చెవులూ మూసుకున్నాను. తర్వాత అంచుకు పళ్ళు కోసి మళ్ళీ వదిలారు. రొద ఉంది కానీ, చెవుల మీది చేతులు తీసి నిలబడగలిగాను. మనవరాలు రెండు చప్పుళ్ళనూ ఫోన్‌లో రికార్డు చేసుకుని, గొట్టాన్ని నా పాత తువ్వాలులో చుట్టి కాలేజీకి వెళ్ళింది.