కడప దాకా నోరు మూసుకున్నాను

అతిథిని సొంత మనవరాలిలా చూసుకున్నందుకు నన్ను పనిలోంచి తీసేశారు. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉంటే చెప్పండి.

నేను కోడుమూరు దగ్గర మెట్టసేద్యం చేసుకుంటూ, చేతికి దొరికిన కాగితమల్లా చదువుకుంటూ పెరిగినవాణ్ణి. బడి ఐదో తరగతితోనే ఆగింది. "నీకు చదువెందుకురా, గొర్రెలు కాసుకోపో" అన్న అయ్యవారి మాట, ఆయన పంచె అంచు రంగుతో సహా నాకింకా గుర్తుంది. ఇంటి దగ్గరే చదివి, ఒక్కో పరీక్షా కట్టుకుంటూ వచ్చి, ఇప్పుడు అరవై ఎనిమిదో ఏట కర్నూలు విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నాను. అక్కడ విదేశాల నుంచి వచ్చే విద్యార్థులకు తోటి విద్యార్థులనే ట్యూటర్లుగా పెడతారు. క్లాసులో అర్థంకానివి విడమరచడం, తెలుగు నేర్పడం, బ్యాంకుకూ బజారుకూ తోడు వెళ్లడం ఆ పని. నాకు టాంజానియా నుంచి వచ్చిన నీమాను అప్పగించారు. ఆమెది వర్షాధార పంటల మీద పరిశోధన. రైతులతో తెలుగులో మాట్లాడగలనని పరీక్షలో చూపిస్తేనే ఊళ్లలోకి పంపుతారు. ఇంత బతుకులో ఇంకొకరికి చదువు చెప్పమని నన్ను అడిగింది అదే మొదటిసారి.

మా వైపు ఇంటికి వచ్చిన మనిషిని నీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వం. నేనూ అట్లాగే చూసుకున్నాను. ఆటోవాళ్లతో నేనే మాట్లాడాను, కూరగాయలు నేనే బేరమాడాను, నీమాను ఎవరేం అడిగినా జవాబు నేనే చెప్పాను. ఇందులో తప్పేముంది? కడప నుంచి ఈ కార్యక్రమాన్ని నడిపించే మేడం మాత్రం ఫోన్ చేసి, "మిమ్మల్ని మారుస్తున్నామండీ, ఆ అమ్మాయికి మాట్లాడే అవకాశమే రావడం లేదు" అని పెట్టేసింది. ఫోన్లో తేలే సంగతి కాదిది. మరునాడే బయల్దేరాను.

నేనుండే కల్లూరు నుంచి షేర్ ఆటోలో కర్నూలు బస్టాండు చేరేసరికి పొద్దున ఆరు దాటింది. ఆరున్నరకు కడప ఎక్స్‌ప్రెస్. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి టవలు వేయండి. మా సీమలో రిజర్వేషన్ అంటే అదే. పొద్దున పూటైతే కుడివైపు పట్టుకోండి, ఎండ తగలదు. నేను రెండు సీట్లకు సరిపడా టవలు పరిచి తల తిప్పితే, మెట్లు ఎక్కుతూ నీమా కనబడింది.

"నీకు కడపలో ఏం పని?" అన్నాను.

"మాట్లాడే పరీక్ష తాతా, ఈ పొద్దే."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే నువ్వే వచ్చి నా బదులు మాట్లాడతావు." నా పక్కన కూర్చుని, కిటికీ వైపు చూస్తూ, "నువ్వు నన్ను మాట్లాడనీయవని మేడంకు చెప్పింది గూడా నేనే," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. సరే, కడప దాకా నోరు తెరిస్తే ఒట్టు అని చెప్పి, వక్క నోట్లో వేసుకుని దవడ బిగించాను.

బస్సు కదిలింది. కండక్టర్ వచ్చి, "ఆధార్ తీయమ్మా, ఆడోళ్లకు టికెట్ లేదు," అన్నాడు. నా నాలుక దురద పెట్టింది.

"ఆధార్ లేదన్నా, పాస్‌పోర్ట్ ఉండాది. మాది టాంజానియా," అంది నీమా.

"అది ఏ స్టేజీ అమ్మా?"

"కడప దాటినాక శానా దూరం. నువ్వు కడపకు కొట్టు, సాలు."

ముందు సీట్లవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో నంద్యాల. బనగానపల్లె మామిడిపండ్ల గంపతో ఒక అవ్వ ఎక్కి మా పక్కన ఇరుక్కుంది. గంప నిండా పండ్లే, బస్సంతా వాసన. నీమా పరీక్షకు సాధన మొదలుపెట్టింది.

"ఈసారి కాపు ఎట్లుండాది అవ్వా?"

"యాడిది కాపు తల్లీ! పూతంతా గాలికి పాయ."

నీమా గంప చూసింది, అవ్వను చూసింది, నన్ను చూసింది. మా వైపు తన పంట బాగుందని ఏ మనిషీ నోటితో చెప్పడు, దిష్టి తగులుతుందని భయం. ఆ ముక్క నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి వక్క నమిలాను. నీమా మళ్లీ అవ్వ వైపు తిరిగింది.

"మీ పక్క తోటోళ్లకు ఎట్లుండాది?"

"వాళ్లకేమమ్మా! కొమ్మలు ఇరిగేతట్టు కాసినాయి. మా తోట, వాళ్ల తోట ఒగటే నేల గదా!"

అనేసి అవ్వ నాలుక కరుచుకుంది. నీమా పకపకా నవ్వింది. అవ్వ కూడా నవ్వి, "గట్టిదానివే పాపా," అంటూ ఆమె ఒళ్లో రెండు పండ్లు పెట్టింది.

ఆళ్లగడ్డలో టిఫినుకు ఆపారు. ఇడ్లీ కంటే కారంపొడి బాగుంది. తిరిగొచ్చేసరికి ఒక లావుపాటి ఆసామి నా టవలు మీదే కూర్చున్నాడు. నేను నోరు తెరవబోయేలోగా నీమా అందుకుంది.

"ఏమప్పా, టవల్ కనపడలేదా? మా తాతది. లెయ్యి."

"యాడిదానివమ్మా నువ్వు? మావోళ్ల కంటే గట్టిగా మాట్లాడతాండావే!"

"మా తాత తిట్టేటప్పుడు విని నేర్చుకున్న్యా."

ఆ మనిషి లేచి, టవలు దులిపి మరీ ఇచ్చాడు. బస్సులో మళ్లీ నవ్వులు. ఈసారి నాకూ ఆగలేదు గానీ, వక్క అడ్డం పడి దగ్గులా వచ్చింది.

పన్నెండుకు కడప. ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. ఆఫీసులో నన్ను బయట బెంచీ మీద కూర్చోమని నీమాను లోపలికి పిలిచారు. తలుపు ఓరగా వేసి ఉంది. మేడం గొంతు వినిపించింది: "నేనే రైతును అనుకో. అడుగు."

"శెనక్కాయ ఎట్ల పండింది మేడం?"

"ఏం పండలేదమ్మా, గింజ గూడా రాలేదు."

"అట్లనా పాపం! మీ పక్క చేనోళ్లకు?"

లోపల మేడం నవ్వు ఎంతకీ ఆగలేదు. బెంచీ మీద నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, తొడ చరుచుకున్నాను.

తర్వాత నా వంతు. దారి పొడుగునా కూడబెట్టుకున్న ఉపన్యాసమంతా దించాను. గొర్రెలు కాసుకోమన్న అయ్యవారి దగ్గర మొదలుపెట్టాను. మేడం ఓపికగా విని ఒక్కటే మాటంది: "అమ్మాయి పాసయింది. మీరు ఉండాలో వద్దో నేను చెప్పను, ఆమెనే అడగండి. ఆమె ఏదంటే అది."

విద్యార్థి దయ మీద బతికే ట్యూటర్‌ను ఎక్కడైనా చూశారా?

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. ఈసారి కిటికీలోంచి చున్నీ వేసి సీట్లు పట్టింది నీమా. యాభై ఏళ్లుగా తిరుగుతున్న దారి నాకిది. బస్సులో నా గొంతు కాకుండా వేరేవాళ్ల మాటలు ఇంతసేపు విన్నది మాత్రం ఇదే మొదలు. మనుషులు బాగానే మాట్లాడుతున్నారు. అయినా అన్యాయం అన్యాయమే.

మైదుకూరు దాటింది, చాగలమర్రి దాటింది. అడగడానికి నాకు మనసొప్పలేదు. ఆళ్లగడ్డ కూడా దాటాక, రోడ్డు వైపు చూస్తూ అన్నాను: "నన్ను ఉండమంటావా, పొమ్మంటావా?"

ఆమె తొందరపడలేదు. అవ్వ ఇచ్చిన పండ్లలో ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది తాను కొరికి, రసం కారకుండా చూసుకుని, అప్పుడు చెప్పింది:

"ఉండు తాతా, నా పక్కనే ఉండు. నేను తప్పు మాట్లాడితే నవ్వు. ఊరికే తిట్టు గూడా, నాకు కొత్త మాటలు వస్తాయి. కానీ నేను అడిగేదాకా నోట్లో వక్క మాత్రం తీయద్దు."