ఆగొద్దని చెప్పింది నేనే

ఉదయం ఐదూ నలభైకి గండిపేట చేరాను. ఆదివారం. చెరువు మీది నుంచి చల్లటి గాలి వస్తోంది. మేం కలవాల్సిన చోటు ఒక గేటెడ్ కాలనీ ముందున్న ఖాళీ స్థలం. అప్పటికే ఏడు జీపులు వచ్చి ఉన్నాయి. ఆరూ పది అయ్యేసరికి పన్నెండయ్యాయి.

నేను సైన్యంలో పదిహేడేళ్లు డ్రైవర్‌గా పనిచేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. అందులో ఎక్కువ కాలం లద్దాఖ్ కాన్వాయ్‌లలోనే గడిచింది. ఇప్పుడు గండిపేట దగ్గర ఒక కాలేజీలో బస్సుల పని చూస్తున్నాను. ఆ కాలనీవాళ్లు నెలకోసారి జీపుల్లో ఊళ్ల మీదికి పోతారు. తారు రోడ్డు దిగి రాళ్లలో, బురదలో నడపడం వాళ్ల సరదా. ఈసారి ముందు బండి నన్ను నడపమన్నారు.

"మిలిటరీ మనిషి ముందుంటే మాకు ఫికర్ లేదన్నా" అన్నాడు ఆర్గనైజర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచివాడే. ఆ మాట నాకు బాగా నచ్చింది. నచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. పెట్టెలోంచి నా పాత ఆకుపచ్చ టోపీ తీసి పెట్టుకుని వెళ్లాను.

ఆర్డర్లు నేనే ఇచ్చాను. బండికీ బండికీ ముప్పై అడుగుల దూరం. ప్రతి బండిలో ఒక వాకీటాకీ. నా బండి పేరు లీడ్. చివరి బండి పేరు టెయిల్, దాన్ని నడిపేది ఒక పిల్లల డాక్టర్. లీడ్ ఆగితే అందరూ ఆగాలి. బురదలో ముందు బండి చక్రాల జాడలో పోకూడదు, దిగబడుతుంది. కాస్త పక్కకు జరిగి కొత్త జాడ పట్టాలి. సామాను: రెండు తాళ్లు, రెండు పారలు, మందుల పెట్టె, ముప్పై లీటర్ల మంచినీళ్లు. ఆరున్నరకు కదిలాం.

మొయినాబాద్ దాటేసరికి ఏడు. ఏడూ ఇరవైకి సురంగల్ దగ్గర తారు దిగాం. అక్కడి నుంచి పొలాల మధ్య బండ్ల బాట పట్టుకుని, పదకొండింటికి ముడిమ్యాలలో ఒకరి తోటకు చేరి భోజనం చేయాలి. వారం ముందు మోటార్‌సైకిల్ మీద ఆ దారంతా చూసి వచ్చాను. అప్పుడు నేల గట్టిగా ఉంది. గురువారం పెద్ద వాన పడింది. వాన తర్వాత మళ్లీ వెళ్లి చూడలేదు.

ఎనిమిదీ పదికి బాట తెగిపోయి కనబడింది. వాన నీళ్లకు కోసుకుపోయి నడుము లోతు గండి పడింది. దిగి, కర్ర పెట్టి చూశాను. బండి దిగితే ఎక్కదు. కుడివైపు ఎత్తుగా కందిచేను. ఎడమవైపు చదునైన నేల, దాని మీద పలచగా పచ్చదనం. అవతల వంద గజాల దూరంలో బాట మళ్లీ మొదలవుతోంది.

ఆర్గనైజర్ నా పక్క సీట్లో ఉన్నాడు. "ఎడమ దిక్కు ఖాళీ జాగనే గదన్నా. గడ్డి మొలిసింది, అంతే. అట్ల తిప్పుదాం" అన్నాడు.

లద్దాఖ్‌లో ప్రతి వంతెన ముందూ దిగి, నడిచి చూశాకే బండి పోనిచ్చేవాణ్ణి. ఇక్కడ గండి చూడడానికి దిగాను గానీ, ఆ పచ్చదనం ఏమిటో చూడడానికి పది అడుగులు వేయలేదు. వెనక్కి తిప్పుకోవచ్చు. బాట ఇరుకు కాబట్టి పన్నెండు బండ్లు తిరగడానికి ఒక గంట పట్టేది. ఒక్క గంట.

బండిని ఎడమవైపు గెట్టు దాటించాను. ముప్పై గజాలు పోయాక పక్కన నిలబెట్టిన స్ప్రింక్లర్ గొట్టం కనిపించింది. కిందికి చూశాను. కొత్తిమీర కన్నా సన్నగా చీలిన ఆకు. క్యారెట్. మా బాపు కూరగాయలు పండించినవాడే. నాకు తెలియని ఆకు కాదది.

అప్పుడే వాకీటాకీ మోగింది. డాక్టర్ బండి ఇంకా వెనక బాట మీద, కాస్త ఎత్తులో ఉంది.

"లీడ్, టెయిల్. అన్నా, ఇది ఎవరిదో పంట లెక్క కనవడుతున్నది. ఆగాల్నా?"

నా వెనక రెండు బండ్లు మాత్రమే మడిలోకి దిగాయి. తొమ్మిది బయటే ఉన్నాయి. చక్రాలు బురదలో జారుతున్నాయి. ఆగితే దిగబడతాను. అంతమంది ముందు తాడు కట్టించుకుని బయటికి రావాలి.

"టెయిల్, లీడ్. ఆగొద్దు. స్పీడ్ తగ్గియ్యకుండ రాండ్రి."

వచ్చారు. నేను పొద్దున నేర్పినట్టే, ఎవరి జాడ వాళ్లు కొత్తగా వేసుకుంటూ వచ్చారు.

మడి చివర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. చెయ్యి పైకెత్తి ఏదో అంటోంది. ఇంజన్ల మోతలో వినబడలేదు. "ఆంటీ హాయ్ చెప్తున్నది!" అన్నారెవరో వాకీటాకీలో. హారన్లు మోగాయి. వెనక బండ్లవాళ్లు చేతులు ఊపారు. నేనూ ఒక చెయ్యి ఎత్తాను. ఆమె ఆగమంటోందని తెలిసే ఎత్తాను.

పదకొండూ ఇరవైకి ముడిమ్యాల చేరాం. ఒక్క బండీ దిగబడలేదు. నా కోసం చప్పట్లు కొట్టారు. నేను పళ్లెం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

"అది క్యారెట్, డాక్టర్ సాబ్."

"నేను అడిగిన గదన్నా" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. నా వైపు చూడకుండా మంచినీళ్ల గ్లాసు తీసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి బండ్లన్నీ గండిపేట చేరాక ఇంటికి వెళ్లాను. మర్నాడు సెలవు పెట్టి మోటార్‌సైకిల్ మీద సురంగల్ వైపు వెళ్లాను. గండి దగ్గర బండి ఆపి గెట్టు మీద నిలబడ్డాను. చక్రాల జాడల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. మడి సగం బురదగుంటలా ఉంది. ఆమె మధ్యలో కూర్చుని ఉంది. పేరు బాలమణి అని తర్వాత చెప్పింది. చేను కౌలుదట.

"అక్కా, నిన్న ముందల బండి నాదే" అన్నాను.

ఆమె లేవలేదు. తలెత్తి నా ముఖం చూసింది.

"గుర్తువట్టిన. టోపీ వెట్టుకున్నవ్ గదా. మా ఆయన కట్టె వట్టుకొని ఉరికొస్తుంటె నేనే ఆపిన. మిలిటరాయన ఉన్నడు, చెయ్యెత్తితె ఆగుతడు తియ్యి అన్న."

తప్పయిందన్నాను. తర్వాత అడిగాను. "మళ్ల ఇత్తనం ఏస్తే రాదా, అక్కా?"

"ఎట్లొస్తదన్నా? నెల దాటింది. ఇప్పుడేస్తే ఎండలకు చిక్కుతది. గడ్డ ఊరదు."

మోటార్‌సైకిల్‌కు కట్టుకొచ్చిన పార విప్పాను. జాడలు పూడ్చి నీళ్లు బయటికి తీద్దామని గెట్టు దిగబోయాను.

"వద్దన్నా" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు ఆడ్నే ఉండు. లోపటికి రాకు. ఉన్నయన్న ఉండనియ్యి."

ఆగిపోయాను.

నష్టానికి డబ్బు కాలనీవాళ్లు ఇచ్చారు, ఎవరూ కాదనలేదు. ఆమె భర్త తీసుకున్నాడు. నన్ను మళ్లీ రెండుసార్లు ముందు బండి నడపమని పిలిచారు. వెళ్లలేదు. ఎవరైనా నా సర్వీసు సంగతులు అడిగితే లద్దాఖ్ మంచు గురించి, చలిగాలుల గురించి చెబుతాను. సురంగల్ గురించి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ రోజు గెట్టు మీద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమె నన్ను మరిచిపోయి తన పనిలో పడింది. చక్రం కింద నలిగిన మొక్కల్లో బతికేలా కనిపించిన ఒకదాన్ని తీసింది. దాని వేరు అప్పుడప్పుడే ఎరుపు తిరుగుతోంది, పెన్సిల్ ములుకంత లావు ఉంది. కొంగుతో బురద తుడిచింది. పీకిన క్యారెట్ మళ్లీ నాటుకోదని నాకు తెలుసు, నాకన్నా ఆమెకు బాగా తెలుసు. అయినా వేలితో నేలలో చిన్న గుంత చేసి, దాన్ని నిలబెట్టి, చుట్టూ మట్టి అద్ది, అది పక్కకు వాలిపోకుండా కాసేపు రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుంది.